నల్ల టైతో అప్పీలు

ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా సాదాది. ఎమ్లిన్ ప్రాసర్ గడ్డం గీసుకోకూడదు. మోచేతుల దగ్గర పోగులు లేచిన పాత స్వెట్టరే వేసుకోవాలి. టాక్సీ ఎక్కి కింద పట్నానికి వెళ్లి, పదకొండు గంటలకు ట్రిబ్యునల్ ముందు కూర్చుని, తన ఒంటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. గడ్డం, స్వెట్టరు, టాక్సీ పెద్ద పనులు కావు. ఉన్నదున్నట్టు చెప్పడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఎమ్లిన్ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాడు. ఒకనాడు క్రేను గొలుసు తెగి, మీద పడాల్సింది కాస్త పక్కన పడింది. మనిషి దక్కాడు, నడుము దక్కలేదు. అప్పటి నుంచి రెండు చేతికర్రలే అతని కాళ్లు. వంటింట్లోంచి ముందుగదిలోకి రావాలన్నా మధ్యలో ఆగి గోడ పట్టుకోవాలి. ప్రభుత్వం వికలాంగ భృతి ఇచ్చింది, దాని కిందే కాళ్లతో పనిలేకుండా చేతులతో నడిపే కారు కూడా ఇచ్చింది. ఇల్లేమో లోయ పక్కన కొండ మీద, వీధి నిట్టనిలువుగా ఉంటుంది. ఆ కారు ఉన్నన్నాళ్లూ ఎమ్లిన్ ప్రతి శనివారం కిందకు దిగి, రగ్బీ మైదానం కంచె పక్కన ఆపుకుని, అద్దం దించి, ఊరి జట్టు ఓడిపోవడం కళ్లారా చూసి, వాళ్లను నోరారా తిట్టి, ఎంతో సంతృప్తిగా ఇంటికొచ్చేవాడు. ఏడాదిన్నర క్రితం మళ్లీ పరీక్ష చేసి, నువ్వు బాగానే ఉన్నావని భృతి తీసేశారు. భృతితో పాటు కారూ వెళ్లిపోయింది. ఈ ఏడాదిన్నరలో ఎమ్లిన్ కిందకు దిగింది ఆస్పత్రికి మాత్రమే. శనివారాలు కిటికీ దగ్గర కూర్చుని, గాలివాటుగా వచ్చే కేకలను బట్టి ఎన్ని పాయింట్లతో ఓడిపోతున్నారో లెక్క కట్టేవాడు.

భృతి ఎందుకు పోయిందన్నది చెప్పుకుంటే సిగ్గుచేటు. పరీక్ష చెయ్యడానికి ఒకావిడ ఇంటికే వచ్చింది. ఎమ్లిన్ భార్య నెస్టా ఆ సమయానికి మందుల షాపుకు వెళ్లింది. వచ్చినావిడ "ఎలా ఉన్నారు?" అనడిగింది. ఎమ్లిన్ "బాగానే ఉన్నానండి, మీరెలా ఉన్నారు?" అన్నాడు. ఆ లోయలో కాలు తెగి చేతిలో పట్టుకున్న మనిషినడిగినా అదే జవాబు వస్తుంది. అక్కడది ప్రశ్న కాదు, పలకరింపు. తర్వాత "టీ తాగుతారా?" అన్నాడు. గడప తొక్కిన మనిషిని టీ అడక్కపోతే అతని వంశంలో ఎవరూ క్షమించరు. అడిగాడే గాని కుర్చీలోంచి లేవలేకపోయాడు. పాపం ఆవిడే వంటింట్లోకి వెళ్లి కెటిల్ పెట్టి, తనకో కప్పు, అతనికో కప్పు కలుపుకొచ్చింది. రిపోర్టులో మాత్రం, అతిథికి టీ ఇచ్చే విషయంలో ఎలాంటి ఇబ్బందీ కనిపించలేదని రాసింది. అబద్ధమని కూడా అనలేం. ఇబ్బంది నిజంగానే కనిపించలేదు, ఆవిడ వంటింట్లో ఉంది.

అందుకే ఈసారి పక్కింటి డిలిస్ రంగంలోకి దిగింది. డిలిస్ తన మోకాళ్ల నొప్పి మీద రెండుసార్లు అప్పీలు నెగ్గిన మనిషి. ఆ వీధిలో ఎవరికి అప్పీలు పడినా ఆవిడ దగ్గరే పాఠం. ఇస్త్రీ బల్లను ముందుగదిలో అడ్డంగా పెట్టి, దాని వెనక తాను జడ్జిగా కూర్చుంది.

"ఇది మిగతా పరీక్షల్లాంటిది కాదు ఎమ్లిన్. ఎంత చేతకాకపోతే అన్ని మార్కులు. అర్థమైందా? సరే, ఇవాళ ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నా డిలిస్. నీ మోకాలెలా ఉంది?"

"నేను డిలిస్‌ని కాదు. జడ్జిని."

"సరే. జడ్జిగారూ, మీ మోకాలెలా ఉంది?"

డిలిస్ నెత్తీ నోరూ కొట్టుకుంది. "నీ మంచి రోజు గురించి కాదయ్యా వాళ్లకి కావాల్సింది. నీ చెడ్డ రోజు చెప్పాలి. పోనీ ఇది చెప్పు. స్నానం ఎలా చేస్తావ్?"

"చేస్తాను."

"ఎవరు చేయిస్తారు?"

ఎమ్లిన్ గోడకేసి చూశాడు. మెడ దగ్గర్నుంచి ఎరుపు పైకి పాకింది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న నెస్టా చేతులు ఆగిపోయాయి. సబ్బు రుద్దేది, సాక్సు తొడిగేది, రాత్రిళ్లు పక్క మీద అటు నుంచి ఇటు తిప్పేది ఆవిడే. అది ఆ ఇంట్లో ఇద్దరికీ తెలిసిన సంగతి, ఇద్దరూ ఎన్నడూ నోటితో అనుకోని సంగతి. దాన్ని ఇస్త్రీ బల్ల ముందు పెట్టి చెప్పమంటే ఆ మనిషికి ప్రాణం పోయినంత పనైంది. "ఏదో అలా జరిగిపోతుందిలే," అన్నాడు చివరికి. డిలిస్ అతని ముందున్న బిస్కట్ల ప్లేటు తీసి అవతల పెట్టేసింది.

ఇక విచారణ రోజు. ముందురాత్రి, రోజూ ముందుగదిలో తన పక్కనే పడుకునే నెస్టాను, ఇవాళైనా హాయిగా నిద్రపొమ్మని ఎమ్లిన్ మేడ మీదకు పంపేశాడు. నెస్టా మేడ మీంచి దిగి ముందుగదిలోకి వచ్చేసరికి, ఎమ్లిన్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, చుబుకం మీద గాటు పడింది. తెల్ల చొక్కా, నల్ల సూటు, నల్ల టై. ముఖమంతా చెమట. తెల్లవారకముందే మొదలుపెట్టి ఉంటాడు.

"ఏం చేశావయ్యా?" అంది నెస్టా.

"జడ్జి ముందుకు వెళ్తున్నాం కదా."

"డిలిస్ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. స్వెట్టరు కుర్చీ మీదే పెట్టాను."

"మా నాన్న పన్ను పీకించుకోవడానికి కూడా టై కట్టుకునే వెళ్లాడు నెస్టా. చిరుగుల స్వెట్టరుతో జడ్జి ముందు కూర్చోవడం నావల్ల కాదు."

"పోనీ ఆ నీలం టై కట్టుకోకపోయావా? చావుకి వెళ్తున్నట్టు ఈ నల్లదేంటి?"

"నీలంది మేడ మీదుంది. నేను మెట్లెక్కలేను కదా."

నెస్టా అతని వంక ఒక్క క్షణం అలా చూసింది. "ఈ ముక్క అక్కడ చెప్పు. ఇంకేం చెప్పకపోయినా పర్లేదు," అంది.

సూటు విప్పాలంటే తొడుక్కున్నంత సేపూ పడుతుంది. ఈలోపు బయట టాక్సీ హారను మోగింది. అలాగే బయల్దేరారు.

టాక్సీ మాట్లాడింది డిలిస్. ఎక్కడికన్నది వాళ్లే చెప్తారని ఊరుకుంది. డ్రైవరు హవెల్ కిందకు దిగి, సూటు చూశాడు, నల్ల టై చూశాడు, వెంటనే తలమీది టోపీ తీసేశాడు. రేడియోలో పాటలు ఆపేశాడు. ఎమ్లిన్‌ను ముందు సీట్లో కూర్చోబెట్టి, మెత్తగా తలుపు వేశాడు.

"పదకొండుకల్లా అక్కడుండాలి బాబూ," అంది వెనక కూర్చున్న నెస్టా.

"నాకు తెలుసమ్మా. మీరేం కంగారు పడకండి, నేను చూసుకుంటాను," అన్నాడు హవెల్.

అతనికి తెలుసు మరి. ముప్పై ఏళ్లు ఆ లోయలో బస్సు కండక్టరుగా చేసిన పెద్దాయన పోయాడు, పదకొండు గంటలకు కొండ వెనక దహనశాలలో అంత్యక్రియలు. ఆ ఊళ్లో ఉదయంపూట నల్ల టై కట్టుకున్నవాణ్ణి ఎక్కడికని అడిగేవాడు మనిషే కాదు. నెస్టా ఇవేవీ గమనించలేదు. అప్పీలు కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని, తల అందులో దూర్చి, "మెట్ల సంగతి అడిగితే ఆస్పత్రి వాళ్లు రాసింది చూపించాలి. స్నానం సంగతి అడిగితే నావైపు చూడకు, వాళ్లవైపు చూసి చెప్పు," అని భర్తకు పాఠం చెప్తోంది.

ప్రార్థనామందిరం మలుపు దగ్గర శవవాహనం, దాని వెనక చుట్టాల కార్లు రోడ్డెక్కాయి. ఆ లోయలో అంబులెన్సుకైనా దారి ఇవ్వని వాళ్లున్నారేమో గాని, శవయాత్రను దాటుకుని ముందుకెళ్లేవాడు ఇంకా పుట్టలేదు. హవెల్ హెడ్‌లైట్లు వేసి, ఎంతో భక్తిగా వరుసలో కలిశాడు. నడుచుకుంటూ వెళ్లే పిల్లలు కూడా వాళ్లను దాటిపోతున్నారు.

ఎమ్లిన్‌కు ఇదంతా కనపడుతూనే ఉంది. పట్నం దారి కిందకు, దహనశాల దారి పైకి చీలే చోట టాక్సీ పైకి తిరగడం కూడా చూశాడు. కాని బండి నడిపేవాడికి దారి చెప్పడం మర్యాద కాదు. ఏదో అడ్డదారి అయ్యుంటుంది, అతని పని అతనికి తెలియదా అనుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

బండి ఆగాక నెస్టా తల ఎత్తింది. పువ్వులు, నల్లబట్టలు, పొగగొట్టం.

"ఇదేం ట్రిబ్యునల్?" అంది.

ఈలోపు హవెల్ దిగి ఎమ్లిన్‌వైపు తలుపు తీశాడు. "ఇలాంటి రోజున డబ్బులు తీసుకోనమ్మా, నాకూ ఆయన తెలుసు," అని, నెస్టా నోరు తెరిచేలోగా కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

అక్కడ అంత్యక్రియలు జరిపించే కంపెనీ యజమాని గ్విలిమ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎమ్లిన్ కర్రల మీద ఒకడుగు వేసి ఆగడం చూశాడు. అంతే. రెండో అడుగు వేయనివ్వలేదు. ఒక చక్రాల కుర్చీ వచ్చింది, మోకాళ్ల మీదకు దుప్పటి వచ్చింది.

"నెమ్మదిగా అన్నా. గుమ్మం దగ్గర చిన్న ఎత్తుంది, మావాళ్లు లేపుతారు. నడుమా? అలాగైతే వెనక్కి వాలకండి, దిండు తెప్పిస్తాను."

ఏ కాగితం చూపించమనలేదు, ఎంత దూరం నడవగలవని అడగలేదు. ఏడాదిన్నరగా డాక్టర్లు రాసిచ్చినా, ఎక్స్‌రేలు పంపినా ప్రభుత్వానికి కనపడని నడుము, శవాలతో పనిచేసే ఈ మనిషికి ఒక్క చూపులో కనపడింది. నెస్టాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. అక్కడున్నవాళ్లు పోయినాయనకు బాగా కావలసిన మనిషనుకుని ఆవిడకు రుమాలు ఇచ్చారు.

ఆవిడ తేరుకునేలోపు ఎమ్లిన్‌ను ముందు వరుసలోకి తోసుకెళ్లిపోయారు. పోయినాయన భార్య అతని చెయ్యి పట్టుకుంది. "ఇంత అవస్థలో కూడా వచ్చారు. మా ఆయనంటే మీకంత అభిమానం," అంది. ఎమ్లిన్ ఆయన్ని బస్సులో రెండుసార్లు చూశాడేమో. "చాలా మంచివారండి, చిల్లర ఎప్పుడూ సరిగ్గా ఇచ్చేవారు," అన్నాడు. పాటలు మొదలయ్యాయి. ఆ చెయ్యి విడిపించుకుని లేచి రమ్మని నెస్టా వెనక నుంచి సైగలు చేస్తే, ఎమ్లిన్ కళ్లతోనే ఎలా రమ్మంటావని అడిగాడు.

నెస్టా బయటకు పరుగెత్తింది. ఫోనులో ఛార్జింగు ఆఖరి చుక్క మిగిలింది. డిలిస్‌కు చేసి, "టాక్సీవాడు దహనశాలలో దింపేసి పోయాడు, ఇక్కడ ఇరుక్కుపోయాం, ఆలస్యమవుతుందని వాళ్లకి చెప్పు," అన్నది, అంతటితో ఫోను చచ్చిపోయింది. డిలిస్ వెంటనే ట్రిబ్యునల్ ఆఫీసుకు ఫోను చేసింది. అక్కడి గుమాస్తా ఒక నెమ్మదైన ఆవిడ.

"ఎమ్లిన్ ప్రాసర్ గారి విచారణ ఉంది కదండీ ఇవాళ. ఆయన దహనశాలలో ఉన్నారు."

"అయ్యో. ఎప్పుడండీ?"

"ఇప్పుడే. టాక్సీవాడు తీసుకెళ్లి అక్కడ దింపేసి పోయాడు. నెస్టా, అదే వాళ్లావిడ, ఒక్కతే అవస్థ పడుతోంది పాపం. ఈ అప్పీలు గురించే ఏడాదిన్నరగా నిద్ర లేదండి వాళ్లకి."

"తొందరేం లేదని ఆవిడతో చెప్పండమ్మా. ఇక్కడ మేం చూసుకుంటాం."

ఆ ఆఫీసులో ఇంత దయగా మాట్లాడేవాళ్లున్నారని డిలిస్‌కు అంతవరకూ తెలియదు. ఆశ్చర్యపోయి, ఇంకో టీ పెట్టుకుంది.

అంత్యక్రియలు ముగిశాయి. సంగతి విన్న గ్విలిమ్ గడియారం చూశాడు. "టాక్సీ ఇక్కడికి రావాలంటే మధ్యాహ్నమవుతుందమ్మా. మేం ఎలాగూ పట్నానికి ఖాళీగానే వెళ్తున్నాం. అభ్యంతరం లేకపోతే ఎక్కండి. మా బండికి ఎవరూ అడ్డం రారు."

నెస్టాకు అభ్యంతరాలన్నీ అయిపోయాయి. ఎమ్లిన్‌ను శవవాహనం ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆవిడ వెనక కూర్చుంది. ఆవిడ వెనక మడిచిన చక్రాల కుర్చీ, ఎవరో తీసుకెళ్లడం మరిచిన పూలదండ. గ్విలిమ్ మనుషులు నలుగురూ ఇంకో నల్లకారులో వెంట వచ్చారు. దారిపొడవునా బస్సులు ఆగాయి, మగవాళ్లు టోపీలు తీశారు. ఎమ్లిన్ ఒక్కొక్కరికీ తల వంచి నమస్కరించాడు.

"నువ్వు ఊరుకో," అంది నెస్టా.

"వాళ్లు పలకరిస్తే ఊరుకుంటే బాగుండదు నెస్టా."

ట్రిబ్యునల్ ఉన్నది మూడో అంతస్తులో. నడవలేనివాళ్ల గోడు వినే కచేరీని మూడో అంతస్తులో పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గాని, ఆ మనిషికి మాత్రం మోకాళ్లు బ్రహ్మాండంగా ఉండి ఉంటాయి. ఉన్న ఒక్క లిఫ్టుకూ, చెడిపోయింది, అసౌకర్యానికి చింతిస్తున్నామని కాగితం అంటించి ఉంది. కాగితం పాతబడి అంచులు వంకర్లు తిరిగాయి. నెస్టా ఆ మెట్ల కింద నిలబడి, జీవితంలో మొదటిసారి ఒక ప్రభుత్వ భవనాన్ని బూతులు తిట్టింది.

"మాకిది రోజూ పనేనమ్మా," అన్నాడు గ్విలిమ్. నలుగురూ కుర్చీకి నాలుగు వైపులా చేరి, ఒక్కసారిగా భుజాల ఎత్తుకు లేపి, ఒకే అడుగుతో మెట్లెక్కడం మొదలుపెట్టారు.

"బరువుగా ఉన్నానా?" ఎమ్లిన్ అడిగాడు.

"బరువేం లేదండి. కదుల్తున్నారు కదా, అదే కొంచెం కొత్తగా ఉంది," అన్నాడు ముందున్నవాడు.

పైన కిటికీలోంచి గుమాస్తా అంతా చూసింది. శవవాహనం వచ్చి ఆగడం, నల్లబట్టల వాళ్లు దిగడం, వెంట ఏడ్చిన ముఖంతో ఒకావిడ. ఎదురొచ్చి నెస్టా రెండు చేతులూ పట్టుకుంది.

"ఇవాళే రానక్కర్లేదమ్మా మీరు. ఎంత కష్టం వచ్చింది. మా అందరి సానుభూతి మీకుంటుంది."

"చాలా థాంక్సండి," అన్నాడు ఎమ్లిన్ కుర్చీలోంచి. సానుభూతి చూపితే థాంక్స్ చెప్పాలి కదా.

"మీరు వారి తమ్ముడా?"

"కాదండి. ఎమ్లిన్ ప్రాసర్‌ని. పదకొండుకు రావాల్సింది, ఏమనుకోకండి."

గుమాస్తా ముఖం పాలిపోయింది. "కంప్యూటర్లో మీరు పోయినట్టు ఎక్కించేశానండి," అంది.

"అయితే తీసేయండి," అంది నెస్టా.

"ఎక్కించడం వరకే నా చేతిలో ఉందమ్మా. తీయాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి."

"పర్లేదులెండి, మీదేం తప్పు లేదు," అని ఎమ్లిన్ ఆవిణ్ణి ఓదార్చాడు. నెస్టాకు ఆ క్షణంలో కంప్యూటర్లో ఉన్నది నిజం చేసేయాలనిపించింది.

లోపల పొడుగాటి బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో జడ్జి, నెరిసిన జుట్టు. ఒక పక్క డాక్టరు, ఇంకో పక్క మూడో సభ్యుడు. భృతి తీసేసిన శాఖ తరఫున రావాల్సిన మనిషి కుర్చీ ఖాళీగా ఉంది. రాలేదు, రానని కబురూ పంపలేదు. జడ్జి గొంతు సవరించుకుంది.

"మిస్టర్ ప్రాసర్, ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నానండి," అన్నాడు ఎమ్లిన్ అలవాటుగా. "మీరెలా ఉన్నారు?"

నెస్టా కళ్లు గట్టిగా మూసుకుంది.

డాక్టరు ఏదో రాసుకుని తల ఎత్తాడు. "పొద్దున్న అంత్యక్రియలకు వెళ్లొచ్చారట. పోయింది మీ బంధువా?"

"కాదండి. సరిగ్గా తెలియదు."

"తెలియనివాళ్ల అంత్యక్రియలకు వెళ్లారా?"

"టాక్సీ అక్కడికి వెళ్లిందండి. వాళ్లు చాలా మర్యాదగా చూశారు. మధ్యలో లేచి రాలేకపోయాను."

"లేవలేకపోయారా? లేవాలనిపించలేదా?"

ఎమ్లిన్ ఆలోచించాడు. రెండూ నిజమే. ఏది చెప్తే ఎదుటివాళ్లకు ఇబ్బంది ఉండదా అని చూస్తున్నాడు. అది చూసి నెస్టా ఇక ఆగలేకపోయింది.

"ఆయన్ని అడక్కండి. అడిగితే చెప్పే మనిషి కాదు," అంది లేచి నిలబడి. "నేను చెప్తాను. స్నానం నేను చేయిస్తాను. పాయిఖానాలో పక్కన నిలబడేది నేను. రాత్రి పక్క మీద తనంతట తాను తిరగలేడు, తిప్పమని నన్ను లేపడానికి సిగ్గుపడి తెల్లారేదాకా పళ్లు బిగబట్టుకుని పడుకుంటాడు. నేను మేలుకునే ఉంటాను, నిద్రపోయినట్టు ఉంటాను, ఎప్పుడు అడుగుతాడా అని. ఇవాళ ఈ సూటు తొడుక్కోవడానికి చీకటితో లేచాడు. మీకు మర్యాద ఇవ్వాలని. అది చూసి, బాగానే ఉన్నాడని రాసుకుంటున్నారు మీరు."

ఎమ్లిన్ తల దించుకుని, టై కొస మడతపెడుతూ కూర్చున్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో అంతగా చిన్నబోయిన ముఖం నెస్టా ఎప్పుడూ చూడలేదు. చెప్పి గెలవాలనే వచ్చింది. చెప్పాక మాత్రం, పదిమందిలో అతని బట్టలు లాగేసినట్టు అనిపించింది.

"కూర్చోండమ్మా," అంది జడ్జి మెల్లగా. "ముందే ఆపాల్సింది నేను, ఆపలేకపోయాను. మీరు ఇవన్నీ చెప్పాల్సిన అవసరం లేదు. మిస్టర్ ప్రాసర్ పోయారని పొద్దున్న మాకు చెప్పారు. పాపం ఆయన లేరు, మిగిలినావిడకైనా అన్యాయం జరగకూడదని, ఫైలు మొదటి నుంచి చివరిదాకా చదివాం. ఎక్కువసేపు పట్టలేదు. ఈ భృతి తీయాల్సింది కాదని ముగ్గురమూ ఒకే మాట అన్నాం. కావాల్సినవన్నీ మొదటి నుంచీ అందులోనే ఉన్నాయి." ఆవిడ కాస్త ఇబ్బందిగా నవ్వింది. "ఆయన బతికున్నంత మాత్రాన మేం అభిప్రాయం మార్చుకోం. అప్పీలు నెగ్గారు."

నెస్టా కుర్చీలో కూలబడింది. ఎమ్లిన్ ముగ్గురికీ విడివిడిగా థాంక్స్ చెప్పాడు, ఖాళీ కుర్చీకి కూడా చెప్పబోయి ఆగాడు.

"ఒక్క సంగతి," అంది జడ్జి గొంతు తగ్గించి. "భృతి రెండేళ్లకు ఇస్తున్నాం. అది తీసేసిన రోజు నుంచి లెక్క. విచారణకు పిలవడానికే ఇన్నాళ్లు పట్టింది కాబట్టి, ఇంక వసంతం దాకానే ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి."

"మళ్లీ పరీక్ష చేస్తారా?" నెస్టా అడిగింది.

"చేస్తారు."

అయినా నెగ్గడం నెగ్గడమే. మెట్ల మీద నలుగురి భుజాల మీద దిగుతూ ఎమ్లిన్ చాలా రోజుల తర్వాత కూనిరాగం తీశాడు. "ఈ శనివారానికి రాకపోయినా, వచ్చే శనివారానికి కారు ఇచ్చేస్తారంటావా? మన జట్టువాళ్లు ఇంకా ఆ పొట్టివాణ్ణే ముందు ఆడిస్తున్నారో ఏమో," అన్నాడు. నెస్టా కింద గ్విలిమ్ ఫోను అడిగి తీసుకుని, ప్రభుత్వం తరఫున కార్లు ఇచ్చే కంపెనీకి అక్కడికక్కడే ఫోను చేసింది.

అవతలి అమ్మాయి ఎంతో సంతోషించింది. నెగ్గినందుకు అభినందనలు చెప్పింది. వివరాలు చూసి ఒక్క నిమిషం ఆగింది. భృతి గడువు ఇంకా ఏడాదైనా మిగిలి ఉంటేనే కారు ఇస్తారట. వసంతం దాకా అంటే సరిపోదట. వసంతంలో మళ్లీ పరీక్ష నెగ్గాక రండి, అప్పుడు తప్పకుండా ఇస్తాం అంది. ఇంకేమైనా సాయం కావాలా అని కూడా అడిగింది.

నెస్టా ఫోను తిరిగి ఇచ్చేసి, ఎమ్లిన్ చక్రాల కుర్చీ పక్కన వంగి, ఆ మాటే అతనికి చెప్పింది. గట్టిగా చెప్పలేకపోయింది. ఎమ్లిన్ కాసేపు రోడ్డు మీద వెళ్లే బండ్లను చూశాడు. తర్వాత ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. "నువ్వు లోపల చెప్పినవి బాగానే చెప్పావు," అన్నాడు. ఆ మాట విన్నాకే నెస్టా ఏడ్చింది.

గ్విలిమ్ అటు తిరిగి, టోపీ దులుపుకుంటున్నట్టు నిలబడ్డాడు. కాసేపయ్యాక వచ్చి, "పదండి, ఇంటిదాకా దింపుతాం. ఆ కొండ ఎలా ఎక్కుతారు?" అన్నాడు. మళ్లీ ముందు సీట్లో కూర్చోబెట్టి, నడుము వెనక దిండు సర్దాడు. బండి ఊరు దాటి పైకి తిరిగింది, ఒక్క కుదుపు లేకుండా మెత్తగా ఎక్కుతోంది. ఎమ్లిన్ ముందున్న నున్నటి చెక్క మీద చెయ్యి వేసి నిమిరాడు.

"మంచి బండండి మీది. ఇది రావాలంటే ఏమేం కాగితాలు కావాలి?"

గ్విలిమ్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఒక్కటే అన్నా. డాక్టరు రాసిస్తాడు. దానికి గడువుండదు."